నాలుగో నంబరు నవ్వు

"ఆ మాస్కు తీసి తినరాదా మే? కరోనా వచ్చి పోయి ఎన్నేండ్లాయ!" అంది సంజీవమ్మ, సంగటి ముద్ద కంచంలో పెడుతూ.

వెంకటేశ్వరి తీయలేదు. నిన్న సాయంత్రం ముబారక్ అల్ కబీర్‌లో తను మామా అని పిలిచే కువైటీ యజమానురాలి ఇంటి గేటు దాటి కారెక్కేటప్పుడు పెట్టుకున్న నీలం మాస్కు, శుక్రవారం పొద్దున పది దాటినా అలాగే ఉంది. మిర్కాబ్‌లోని మొగుడి గదికి వచ్చాక నీళ్ళు తాగడానికి కూడా గోడవైపు తిరిగింది. పడుకున్నదీ దాంతోనే.

"జలుబేమోలే అత్తా," అన్నాడు పెంచల్. పాపం, వారమంతా ఆఫీసు వ్యాను తోలి తోలి వచ్చిన మనిషి. అతని బుర్రకు అంతకంటే తట్టలేదు.

"జలుబైతే తుమ్మల్ల గదరా? ఇది తుమ్మదు, దగ్గదు, మాట్లాడదు. నా అక్క కూతురు, దీని సంగతి నాకు తెలీదా?"

పెంచల్ జరిగి పెళ్ళాం పక్కన కూర్చున్నాడు. "ఏమైందో చెప్పు మే. మామా తిట్టిందా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"సెలవు ఇయ్యనన్యారా?"

మళ్ళీ అడ్డంగా ఊపింది.

"నేనేమన్నా చేసినానా?"

ఈసారి తల ఊగలేదు. వెంకటేశ్వరి రెండు వేళ్ళు ఎత్తి చూపించింది.

పెంచల్ ఆ వేళ్ళను ఇటు తిరిగి చూశాడు, అటు తిరిగి చూశాడు. "రెండేంది? రెండు దినాలు లీవా?"

"రెండో నెలా మే?" అంటూ సంజీవమ్మ గరిటె పట్టుకునే ముందుకు జరిగింది. ఆమె ఆశ ఆమెది.

ఆ రెండు ఏమిటో మనకు ఇప్పుడే తెలుస్తుంది. పెంచల్‌కే తెలియదు.

మామా కూతురు దలాల్ పళ్ళ డాక్టరు. వంకర పళ్ళు సరిచేసే పై చదువు చదువుతోంది. ఏ నవ్వు జనానికి అందంగా కనబడుతుందో తెలుసుకోవడం ఆ చదువులో ఒక పని. అందుకని పన్నెండు నోళ్ళ ఫొటోలు ఐప్యాడ్‌లో పెట్టుకుని, కనబడిన ప్రతివాళ్ళ చేతా పదికి మార్కులు వేయిస్తోంది. కళ్ళుండవు, ముక్కుండదు. పెదాలు, పళ్ళు మాత్రమే ఉంటాయి. నిన్న సాయంత్రం ఆ ఐప్యాడ్‌ను గేటు పక్క డ్రైవర్ల గదిలో ఇచ్చి వెళ్ళింది. భార్యను తీసుకుపోవడానికి వచ్చిన పెంచల్ కూడా అక్కడే కూర్చున్నాడు. వెంకటేశ్వరి చాయ్ పట్టుకుని గుమ్మం దగ్గరికి వెళ్ళేసరికి అది అతని చేతిలో ఉంది. తెర మీద నాలుగో నంబరు నోరుంది. డ్రైవరు మహబూబ్ బాషా ఏదో అన్నాడు. డ్రైవర్లంతా పగలబడి నవ్వారు. పెంచల్ కూడా నవ్వి, రెండు నొక్కాడు.

నాలుగో నంబరు నోరు వెంకటేశ్వరిది.

ఇంకొకటి కూడా పెంచల్‌కు తెలియదు. ఇవాళ జుమ్మా నమాజు అయ్యాక దలాల్ ఫోన్ చేస్తుంది. ఆదివారం పొద్దున పై వరసలో రెండు పళ్ళు పీకించుకుని క్లిప్పులు వేయించుకోవడానికి వెంకటేశ్వరి వస్తుందో రాదో ఖాయంగా చెప్పాలి. పుచ్చు పళ్ళు కావు, గట్టి పళ్ళు. ఒకసారి పీకితే మళ్ళీ రావు.

"వదినగారూ, ఉప్పుందాండీ కాస్త?" అంటూ పక్క గది కేథరిన్ తలుపు తోసుకుని వచ్చింది. రాజోలు పిల్ల. దగ్గర్లోనే ఒక పళ్ళ క్లినిక్‌లో డాక్టరు పక్కన నిలబడి పనిముట్లు అందిస్తుంది. శుక్రవారం ఆరాధనకు వెళ్ళాలని తెల్లచీర కట్టుకుని ఉంది. మాస్కు చూడగానే ఉప్పు మరిచిపోయింది. "అదేంటండీ, పన్ను నొప్పా? ఏదీ, నన్నోసారి చూడనివ్వండి."

వెంకటేశ్వరి ఆమెను చూడలేదు. మొగుణ్ణే చూస్తూ, నిన్నటి నుంచి మొదటిసారి నోరు విప్పింది.

"నిన్న నాలుగో నంబరుకు ఎంతేసినావు?"

పెళ్ళాం పలికింది! పెంచల్ ప్రాణం లేచొచ్చింది. "ఓ, ఆ ఫొటోలా! అత్తా, నువ్వు చూడాల్సింది. నాలుగోది ఒకటుండాది, అబ్బబ్బబ్బా! పన్ను మీద పన్నెక్కి కూసోనుండాది. మహబూబ్ బాషా ఏమనె తెలుసునా? ఫహాహీల్ బస్సులో సీటు దొరకనోళ్ళు ఒకరి మీద ఒకరు పడినట్టుండాది గదరా అనె. నవ్వలేక సచ్చినాం."

సంజీవమ్మ కూడా నవ్వింది. సగం నవ్వాక అక్క కూతురి కళ్ళు చూసింది. పన్ను మీద పన్ను అన్న మాట ఆమె చెవిలో అప్పుడు పడింది. గరిటె కింద పెట్టింది.

"అది కాదు. ఎంతేసినావు?" అంది వెంకటేశ్వరి.

"రెండేసినా. ఒకటేద్దామనుకున్యా. పాపం ఎవురో ఏమోలే అని రెండేసినా."

సంజీవమ్మ కళ్ళు మూసుకుంది.

వెంకటేశ్వరి మాస్కు తీసింది. మడిచి కంచం పక్కన పెట్టింది. అప్పుడు నవ్వింది. సంతోషపు నవ్వు కాదు. దలాల్ కెమెరా పట్టుకుని ఎంత తెరవమంటే అంత తెరిచి, ఎంతసేపు ఉంచమంటే అంతసేపు ఉంచే నవ్వు. ఎడమవైపు కోరపన్ను పక్క పన్ను మీదికి ఎక్కి ఉంది.

పెంచల్ చేతిలోని ముద్ద కంచంలోకి జారిపోయింది. "నువ్వా?"

"నేనే."

"యామ్మా..." అన్నాడు పెంచల్.

"యేసయ్యా!" అని కేథరిన్ మంచం అంచున కూలబడింది.

కాసేపటికి పెంచల్ తేరుకున్నాడు. తప్పు చేసిన మగాడు తేరుకుంటే ముందు వచ్చేది వాదనే. "కండ్లు ల్యా, ముక్కు ల్యా! వొట్టి నోరు కోసి పెడితే ఎట్ల గుర్తుపట్టేది? నువ్వే చెప్పత్తా. ఎవుడైనా పడతాడా?"

"పదకొండేండ్లు కాపరం చేసినోడు పడతాడు," అంది వెంకటేశ్వరి.

"నువ్వెప్పుడన్నా నా ముందర నోరు తెరిచి నవ్వినావా? నవ్వొస్తే చెయ్యడ్డం, లేకుంటే కొంగడ్డం! పదకొండేండ్లుగా నేను చూసింది నీ చెయ్యి. ఆ చెయ్యి ఫొటో పెట్టమను, వంద చేతుల్లో పెట్టినా పట్టుకుంటా!"

అది నిజం.

జవాబు సంజీవమ్మ దగ్గర ఉంది. "ఒరే, ఆ పన్ను చూసే గదరా మీయమ్మ సంబంధం ఖాయం చేసింది! 'పన్ను మీద పన్నుండే పిల్ల, అడుగు పెట్టిన ఇల్లు కలిసొస్తాది' అని మా ఇంట్లో కూసోని చెప్పె. కలిసి రాలేదా? పెండ్లైన మూడు నెల్లకే నీకు వీసా రాలేదా?"

"అదే గదత్తా నేననేది!" పెంచల్‌కు ఊతం దొరికింది. "నీ పన్ను మా ఇంటి అదృష్టం మే అని లక్షసార్లు అనింటా. అడుగు దాన్ని."

"అన్నావు," అంది వెంకటేశ్వరి. "అదృష్టమంటివి. బాగుండాదని ఒక్కసారన్నా అంటివా?"

ఆ రెండూ వేరువేరని ఇంతవరకూ పెంచల్‌కు తోచలేదు. ఇప్పుడు తోచింది గానీ, తోచి ఉండకపోతే బాగుండేదనిపించింది.

"నేను పిచ్చిదాన్ని. నువ్వు అదృష్టం అన్నప్పుడంతా, బాగుండాదనే అంటాండావనుకుంటి."

కేథరిన్‌కు చూస్తూ ఊరుకోవడం చేతకాలేదు. "వదినా, ఆ ఫొటోలు మీ ఫోన్లో ఉన్నాయాండీ? ఓసారి ఇలాగివ్వండి."

దలాల్ పంపిన ఫొటోలు తీసి వెంకటేశ్వరి ఫోన్ అందించింది. కేథరిన్ వేలితో జరుపుకుంటూ పోయింది. పదకొండో ఫొటో దగ్గర ఆగి, వెనక్కి నాలుగో దానికి వెళ్ళి, మళ్ళీ ముందుకు వచ్చింది. ఏదో అర్థమైనట్టు తల ఊపింది. "అన్నయ్యగారూ, ఈ పదకొండో నంబరుకి ఎంతేశారండీ?"

పెంచల్ ఫోన్ దగ్గరికి తీసుకుని చూశాడు. "దీనికా? తొమ్మిదేసినా."

"ఎందుకనండీ అంత?"

"ఏమోమ్మా. చూస్తానే ఎవురో మనోళ్ళ మాదిరి అనిపించె. బాగ తెలిసిన మనిషి నవ్వినట్టు." పెళ్ళాం వైపు బెదురుగా చూశాడు. "అమ్మతోడు చెప్తాండా, నువ్వే గుర్తొచ్చినావు మే. దావలో చెబుదామనుకున్యా. నువ్వు మాస్కు పెట్టుకోని అటు తిరిగి కూసుంటివి."

కేథరిన్ ఫోన్ కింద పెట్టింది. ఈ మాట చెప్పాలా వద్దా అని కాసేపు నలిగి, చెప్పేసింది. "అదీ మీ ఆవిడ నోరేనండీ. నాలుగూ పదకొండూ ఒకటే. డాక్టరమ్మ కంప్యూటర్లో పళ్ళు వరస చేసి మళ్ళీ పెట్టింది. మా క్లినిక్‌లో కూడా చేస్తారు, ముందు ఇలాగ, తరవాత ఇలాగ అని."

పెంచల్‌కు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థం కాగానే కేసు గెలిచినవాడిలా లేచి నిలబడ్డాడు. "చూస్తివా! గుర్తుపట్టినా గదా! నీ నోరే గదా గుర్తుపట్టింది!"

"ఏ నోరు?" అంది వెంకటేశ్వరి. "నాకు లేని నోరు గదా అది."

పెంచల్ మెల్లగా కూర్చున్నాడు.

తనకు ఏడుపొస్తోందో నవ్వొస్తోందో వెంకటేశ్వరికి తెలియలేదు. ఈ మనిషి మనసులో తన ముఖం ఉంది. అది అబద్ధం కాదు, అతను ఒట్టు వేసి చెప్పిన తీరే చెబుతోంది. కానీ ఆ ముఖంలో పళ్ళు సరిగ్గా ఉన్నాయి. మరి ఇన్నేళ్ళూ ఈయన కాపురం చేసింది ఎవరితో? దానికి సంతోషించాలా, సిగ్గుపడాలా? గట్టిగా కోపం తెచ్చుకుందామంటే కోపం కూడా సరిగ్గా రావడం లేదు.

"నాకూ ఏమీ పాలుపోడం లేదు వదినా," అంది కేథరిన్ లేస్తూ. "మా క్లినిక్‌లో క్లిప్పులు తీయించుకున్నాక కూడా కొందరు చెయ్యడ్డం పెట్టుకునే నవ్వుతారండీ. పళ్ళు చక్కగా వరసలో ఉంటాయి, చెయ్యి మాత్రం లేచిపోద్ది. అలవాటండీ." తను సాయం చేసిందో చెడగొట్టిందో తెలియని ముఖంతో గుమ్మం దాకా వెళ్ళింది. "ఆరాధనకి ఆలస్యమైపోతంది. మీ గురించి ప్రార్థన చేస్తానండీ." ఉప్పు తీసుకోకుండానే వెళ్ళిపోయింది.

సంజీవమ్మ కంచాలు ఎత్తుకుని వంటగదిలోకి పోయింది. నలుగురు అద్దెవాళ్ళకు ఒకటే వంటగది. అక్కడ పని లేకపోయినా కుళాయి తిప్పి ఉంచుకుంది.

ఇద్దరే మిగిలారు. పక్క సందులోని మసీదు నుంచి అజాన్ మొదలైంది.

"జుమ్మా అయినాక డాక్టరు ఫోన్ చేస్తాది," అంది వెంకటేశ్వరి. "ఆదివారం రెండు పన్లు పీకి క్లిప్పులేస్తాది. ఆ యమ్మ చదువుకు నా నోరు కావాల. దుడ్డు తీసుకోదు. నేను రానంటే ఇంగొకర్ని చూసుకుంటాది. ఈపొద్దే చెప్పాల."

పెంచల్ ఉలిక్కిపడ్డాడు. "వద్దు!"

"ఎందుకొద్దు?"

"నేను బుద్ధిలేక రెండేసినానని నువ్వు పన్లు పీకించుకోడమేంది? చెప్పుతో కొట్టు నన్ను, పడతా. పన్ల జోలికి మాత్రం పోవద్దు. నీకు దండం పెడతా."

"నువ్వేసినావని కాదు. నేను బుధవారమే ఒప్పుకున్నట్టు సంతకం పెట్టినా."

పెంచల్ వేళ్ళు మడిచాడు. బుధవారం, గురువారం. "నేను మార్కు వేసింది గురువారం గదా?"

"ఊఁ."

"అంటే ముందే పెట్టినావా?"

"ముందే."

"మల్ల నా మీద కోపమెందుకు?" అని అడిగాడు పెంచల్. వెటకారం కాదు, నిజంగా తెలియకే అడిగాడు.

ఆ ముఖం చూస్తే వెంకటేశ్వరికి జాలేసింది. ఆ జాలి మీద మళ్ళీ ఒళ్ళు మండింది.

"బుధవారం ఆ యమ్మ పదకొండో ఫొటో చూపిచ్చె. ఇది నువ్వే, రెండేండ్లకు ఇట్లుంటావు అనె. నేను బాత్రూంలోకి పోయి, తలుపేసుకోని, ఫొటో పక్కన పెట్టుకోని అద్దంలో చూసుకుంటి. ఎంతసేపు చూసుకుంటినో, మామా వచ్చి తలుపు కొట్టె. నాకు చిన్నప్పటి నుంచీ ముందు చెయ్యి లేస్తాది, ఆనేక నవ్వొస్తాది. ఒగసారి మామా చుట్టాలొచ్చినప్పుడు అట్లనే నవ్వితే, తమను ఎగతాళి పట్టిస్తాండానని ఎంత తిట్టిందో నీకు చెప్పలా. ఒక్కసారన్నా రెండు చేతులూ కిందుంచి నవ్వాలనుకుంటి. నీ కోసం కాదు, మామా కోసం కాదు, నాకోసరం. నాకు నేనుగా అడుక్కున్నది ఇదొక్కటే. ఎవురికీ చెప్పకుండా సంతకం పెట్టినా."

పెంచల్ వింటున్నాడు.

"ఈపొద్దు నీకు చెబుదామనుకుంటి. నువ్వు వద్దంటావు, అదృష్టం పోతాదంటావు, కొట్లాడి ఒప్పిచ్చాలని మాటలు కూడా తయారు చేసుకుంటి. నిన్న చాయ్ తీసుకోని వస్తే, నువ్వు నవ్వుకుంటా రెండు నొక్కితివి. ఇప్పుడు చేయించుకుంటే నీ తొమ్మిది మార్కుల కోసం చేయించుకున్నట్టు. మానుకుంటే నీ మీద పంతానికి మానుకున్నట్టు. నా కోరిక యాడికి పాయ? అది చెప్పు నాకు."

పెంచల్ తన అరచేతులు చూసుకున్నాడు.

"నాకేం అర్థం కాలా మే," అన్నాడు.

"నాకూ కాలా," అంది ఆమె.

ఆ ఒక్క మాట దగ్గరే ఇద్దరూ కలిశారు. పెంచల్ చెయ్యి చాచి ఆమె మోకాలి మీద పెట్టాడు. ఆమె తోసేయలేదు, పట్టుకోనూ లేదు.

వంటగదిలో కుళాయి ఆగింది. సంజీవమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి తలుపు దగ్గరే నిలబడింది. "అంతా విన్యా. గోడలు అట్లాంటివి, నేనేం చేసేది? నా మాట విను మే. దేవుడిచ్చిన పన్ను. ఆ పన్నుతోనే ఇంతదాకా వచ్చినారు. ఖలాస్, వద్దని చెప్పెయ్."

"నువ్వేమంటావు?" అంది వెంకటేశ్వరి మొగుడితో.

"నేనూ అదే అంటాండా. వద్దు. నువ్వెట్లుంటే అట్లనే బాగుండావు." అన్నాక ఆమె చూపు భరించలేక తడబడ్డాడు. "అంటే, నీకు కావాలంటే... నీ ఇష్టం మే. నేనేం చెప్పినా తప్పైతాంది."

నమాజు ముగిసింది. కింద వీధిలో కార్లు కదిలాయి. ఫోన్ మోగింది. దలాల్!

వెంకటేశ్వరి స్పీకర్ నొక్కి ఫోన్ మంచం మీద పెట్టింది. పదేళ్ళుగా వంటింట్లో నేర్చిన అరబ్బీ ఆమెది. ముగ్గురికీ ఆ అరబ్బీ చాలినంత వచ్చు.

"యల్లా ఈశ్వరీ, త్వరగా చెప్పు. కాలేజీవాళ్ళకు ఇప్పుడే పేరివ్వాలి. ఆదివారం వస్తున్నావా, లేదా?"

వెంకటేశ్వరి సంజీవమ్మను చూసింది. ఆమె వద్దని తల ఊపుతోంది. మొగుణ్ణి చూసింది. అతను నేల చూస్తున్నాడు.

"వస్తా డాక్టర్," అంది. "ఆదివారం వస్తా."

పెంచల్ తల ఎత్తాడు. అతని ముఖం మీదికి నవ్వు వచ్చింది. పిలవకుండా, అడగకుండా వచ్చింది, వచ్చినట్టు అతనికే తెలియదు. ఒక్క క్షణం ఉండి పోయింది.

వెంకటేశ్వరి చూసింది.

"ఎందుకు నవ్వినావు?"

"నేనా? నవ్వలేదే!"

"నవ్వినావురా, నేనూ చూసినా," అంది గుమ్మం దగ్గర నుంచి సంజీవమ్మ.

"గొడవ తీరిపోయింది గదాని నవ్వింటానేమో! నాకేం తెలుసు మే?" అన్నాడు పెంచల్. "నువ్వు సంతోషంగా ఉంటావని నవ్వినానేమో!"

అది నిజం కావచ్చు. పళ్ళు వరసలోకి వస్తాయని నవ్వి ఉండొచ్చు. అతను అబద్ధం చెప్పడం లేదు. అతనికి నిజంగానే తెలియదు. వెంకటేశ్వరికి భయం వేసింది అందుకే.

"జైన్, మంచిది," అంటోంది దలాల్. "ఏడింటికి కారు దగ్గర ఉండు. పొద్దున బాగా తినేసి రా. పేరు రాసేస్తున్నా."

"డాక్టర్, ఒక్క నిమిషం ఆగు." వెంకటేశ్వరి ఫోన్ తీసుకుని అరచేత్తో గట్టిగా మూసింది. మొగుడి ఎదుటికి వచ్చి, అతని ముఖానికి తన ముఖం దగ్గరగా పెట్టింది.

"ఇప్పుడు రానని చెప్తాండా," అంది. "పన్ను ఇట్లనే ఉంటాది, చచ్చేదాకా. ఇందాక నవ్వినట్టే నవ్వు, చూస్తా."

పెంచల్ పెదాలు విప్పాడు. పళ్ళు కనబడ్డాయి. అది నవ్వో కాదో సంజీవమ్మకు తెలియలేదు, అతనికీ తెలియలేదు. వెంకటేశ్వరి ఇంకా చూస్తూనే ఉంది.

"హలో? ఈశ్వరీ?" అంటోంది ఆమె చేతికింద ఫోన్. "రాయనా, వద్దా?"